తిథి రాకముందే కడిగేసిన గిన్నె

ఈ ఫిజీలో మా తెలుగువాళ్ళ మండలి వంటశాలలో ఒక కట్టుబాటు ఉంది. అది నేను పెట్టిందే. కూరలో ఉప్పు తక్కువైందని గానీ, పప్పు అడుగంటిందని గానీ చెప్పాలంటే విస్తరి ముందు కూర్చుని చెప్పకూడదు. లేచి వెనక్కి రావాలి. కత్తిపీట ముందు కూర్చుని నాలుగు ఉల్లిపాయలన్నా తరగాలి. తరుగుతూ తరుగుతూ, వండినామెకి మాత్రమే వినబడేట్టు చెప్పాలి. అక్కడ వండేవాళ్ళకి ఎవరూ జీతం ఇవ్వరు. వారమంతా చెరకు తోటలో నడుము విరుచుకుని, ఆదివారం పొద్దున్నే వచ్చి పొయ్యి ముందు కూర్చునేవాళ్ళు. ఊరికే పెట్టే చేతికి వంక పెట్టాలంటే ముందు నీ చెయ్యి తడవాలి.

ఈ కట్టుబాటు కోసం నేను కొంతమందిని ఏడిపించాను కూడా. ఒకసారి నాందీ టౌను నుంచి వచ్చిన ఒకావిడ పాయసం నోట్లో పెట్టుకుని, అందరూ వినేట్టు "ఇవేం నీళ్ళు" అంది. నేను ఆవిడ ముందు నుంచి విస్తరి లాగేశాను. "నీళ్ళు మీ ఇంట్లో కుళాయికి వస్తాయి గదా, పోయి తాగు" అన్నాను. ఆవిడ మళ్ళీ మా మండలి గడప తొక్కలేదు. చాలా ఏళ్ళు ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను.

ఇప్పుడు చెప్పుకోను. ఎందుకో ఈ కాగితాల మీద రాస్తున్నాను. నేను బడికి పోయింది మూడో క్లాసు దాకానే. తెలుగు అక్షరాలు మా నాన్న నేర్పాడు, చెరకు కోసి వచ్చాక రేకు గోడ మీద బొగ్గుతో రాసి. ఇందులో తప్పులుంటే చెప్పండి. కానీ ముందు ఉల్లిపాయలు తరగండి.

మాకు కొడుకు కంటే ముందు ఒక కూతురు. ఫిజీకి స్వతంత్రం వచ్చి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు, బడిలో పిల్లలచేత కొత్త జెండా బొమ్మ వేయించేవాళ్ళు. మా పిల్లా వేసింది. దానికి ఆ లేత నీలం రంగు ఎంత నచ్చిందో, ఆ ఒక్క పెన్సిలే సగం అరగదీసింది. పెన్సిళ్ళు చెట్టుకి కాస్తాయా అని నేను దాన్ని తిట్టాను. ఆ వానల్లోనే దానికి జ్వరం తగిలింది. మా ఊరు నవాకాలో వాగు పొంగి రోడ్డు మునిగిపోయింది. ఆసుపత్రి వాగుకి అవతల, మేం ఇవతల. మా ఆయన దాన్ని దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని నీళ్ళ అంచున నిలబడ్డాడు. నీళ్ళు దిగలేదు. తెల్లవారుతుండగా అది పోయింది. ఆరేళ్ళు.

మండలి పెద్ద ఒకాయన లెక్క చూసి, మాఘ బహుళ తదియ అన్నాడు. "చిన్నపిల్లలకి తద్దినం ఉండదమ్మా, నువ్వేం చెయ్యక్కర్లేదు" అని కూడా అన్నాడు. మగవాళ్ళ శాస్త్రం వాళ్ళది. నేను మాత్రం ప్రతి మాఘమాసం ఆ తదియనాడు తెల్లవారేసరికి పాలూ బెల్లం వేసి గిన్నెడు పరమాన్నం వండి, మా పిల్ల తినే ఇత్తడి గిన్నెలోనే పోసి, గుమ్మం పక్కన మెట్టు మీద పెట్టేదాన్ని. ఈ దేశంలో కాకులు లేవు. మైనాలు వస్తాయి. అవి తిన్నంత తిన్నాక, మధ్యాహ్నానికి గిన్నె కడిగి బోర్లించేదాన్ని. పాలు ఎండితే ఇత్తడికి మరక పట్టి వదలదు.

ఇంట్లో బెల్లం గడ్డకి కూడా తాళం వేసేదాన్ని నేను. సబ్బు ముక్కలు కలిపి ముద్ద చేసేదాన్ని. ఆ ఒక్క పొద్దున మాత్రం పాలు ఎన్ని పోశానో చూసుకోను.

తదియ ఏ రోజు వచ్చిందో గోడ మీది కేలండరు చెప్పేది. ఇండియాలో అచ్చు వేసింది, నాందీలో పూజ సామాన్ల కొట్లో కొనుక్కొచ్చేవాళ్ళం. ఏ గడి చూడాలో నాకు తెలుసు. ఇన్నేళ్ళూ అదే చూశాను. మా ఆయన పోయినా, చుట్టుపక్కల లీజులు తీరిపోయి సగం మంది పొలాలు వదిలి టౌనులకి పోయినా, ఆ గడి వెతకడం మాత్రం మానలేదు.

మా మనవరాలు లౌటోకాలో కంప్యూటర్ల మీద పని చేస్తుంది. శని, ఆదివారాలు నా దగ్గరికి వస్తుంది. ఒక దీపావళి ముందు వచ్చి, నా ఫోను తీసుకుని ఏదో నొక్కి, చేతికిచ్చింది. చూస్తే తెలుగులో పంచాంగం. వారం, తిథి, నక్షత్రం, పొద్దు పొడిచేది, పొద్దు గుంకేది. అక్షరాలు పెద్దగా, కళ్ళజోడు లేకుండా కనిపించేటట్టు ఉన్నాయి.

"ఎంత పెట్టి కొన్నావే?" అన్నాను.

"కొనలేదవ్వా. ఫోకట్."

"ఊరికే ఎవడిస్తాడు? ఏదో మెలిక ఉంటుంది."

"మెలిక లేదు. ఎవరో ఒకాయన తీరికలో చేసి అందరికీ వదిలేశాడు. ఎలా చేశాడో కూడా దాచుకోలేదు. రవిక తిరగేస్తే కుట్లు కనబడవా, అట్లా లోపలిదంతా కనిపిస్తుంది. తెలిసినవాళ్ళు విప్పి చూడొచ్చు, తప్పుంటే సరిచేసి ఇవ్వొచ్చు. సరిచేయడం రాకపోతే, ఇదిగో, ఈ పేజీలో చెప్పొచ్చు."

"అయితే మన వంటశాలే" అన్నాను.

నిజంగా అన్నాను ఆ మాట. నా నోటితోనే.

మండలిలో ముసలివాళ్ళం ఒక పాతికమంది ఉంటాం. ఇంట్లో పిల్లలతో మాట్లాడేదంతా హిందీనే, తెలుగు మేం మేం కూర్చున్నప్పుడే. ఆ పంచాంగం అందరి ఫోనుల్లోకీ ఎక్కింది. ఏకాదశి ఎప్పుడు, అమావాస్య ఎప్పుడు అని ఒకరింటికొకరు పోయే పని తప్పింది. ఒక ముసలాయనకి చూపు ఆనదు. మనవడిచేత రోజూ పొద్దున పైకి చదివించుకునేవాడు. ఇంత జరుగుతుంటే చేసినవాడికి బాగుందని ఒక్క ముక్క రాసినవాళ్ళం ఎవరం లేము. బాగున్నదాని గురించి చెప్పేదేముంది, అది బాగుండాల్సిందే గదా అనుకునే రకం మేం.

మాఘం వచ్చింది. గోడ మీద కేలండరు చూశాను, బహుళ తదియ మంగళవారం. ఫోను చూశాను, బుధవారం. మళ్ళీ గోడ చూశాను. నాకు ఒళ్ళు మండింది. అది ఎందుకంత మండిందో అప్పుడు నాకు తెలియదు. తప్పు పంచాంగం పట్టుకుని పాతికమంది తిరుగుతున్నారనే కోపం అనుకున్నాను.

శనివారం మనవరాలు రాగానే కూర్చోబెట్టాను. "ఆ పేజీ తియ్యి. నేను చెప్పింది రాయి."

"ఏం రాయాలి?"

"ఇది చేసినవాడికి తిథికీ తేదీకీ తేడా తెలియదు. తెలుగు రానివాడు తెలుగు పంచాంగం జోలికి రాకూడదు. చూసి చేయలేనివాడు చేయడం ఎందుకు, జనాన్ని చెడగొట్టడం ఎందుకు."

దాని వేళ్ళు కదల్లేదు. "అవ్వా, అక్కడ అట్లా రాయకూడదు. ముందు థాంక్స్ చెప్పాలి. మనం ఏ ఊళ్ళో ఉన్నాం, ఏ రోజు చూశాం, ఏం కనిపించింది, ఏం కనిపించాలని అనుకున్నాం, ఇవి చెప్పాలి. తప్పు మనదేమో అని కూడా ఒక మాట అనాలి. అది పద్ధతి."

"వంకాయ పుచ్చిందని చెప్పడానికి వంకాయకి దండం పెట్టాలా?"

"వంకాయకి కాదు. పండించినాయనకి."

"పెద్దదాన్ని చెబుతున్నాను, రాయి."

రాసింది. రాసేటప్పుడు నా మాటల్లో కారం కొంచెం తగ్గించబోతే పసిగట్టి, తిరిగి చదివించుకుని మరీ రాయించాను.

రెండో రోజు జవాబు వచ్చింది. హిందీలో. మనవరాలు చదివింది. "నమస్తే. తప్పు జరిగి ఉంటే మాఫ్ చేయండి. మీరు ఏ ఊరి సూర్యోదయం లెక్క చూస్తున్నారో చెప్పగలరా? ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎందుకోసం కావాలో చెబితే నేను సరిగ్గా చూస్తాను."

ఎందుకోసం అని అడిగాడు. పదిమంది చూసే చోట, నా కూతురి కోసం అని నేను రాయాలా? అది నాకు గుచ్చుకుంది. "సూర్యుడు ఒక్కడే, ఊరికొకడు లేడు అని రాయి" అన్నాను. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. "ఇంత చిన్న సంగతి చెప్పడానికి నీ ఇంట్లో తల్లి లేదా అని రాయి."

"అవ్వా, వద్దు."

"రాయి."

ఆ ఆదివారం మండలిలో, భోజనాల దగ్గర, నిలబడి అందరికీ చెప్పాను. ఆ పంచాంగం తప్పు, నమ్మకండి అని. నా మాటంటే వాళ్ళకి గురి. ఇళ్ళకి పోయి పిల్లలచేత, మనవలచేత అందరూ ఆ పేజీలో రాయించారు. సువాలో, లౌటోకాలో పెద్ద ఉద్యోగాల్లో ఉన్న చుట్టాలకీ చెప్పారు. వాళ్ళు ఇంకా చక్కని ఇంగ్లీషులో, ఇంకా వాడిగా రాశారట. మన సంస్కృతిని చేతగానివాళ్ళ చేతుల్లో పెడితే ఇంతేనని ఒకరు, నాలుగు అక్షరాలు రాగానే అందరూ పండితులేనని ఇంకొకరు. ఒక్కరు కూడా తిథి లెక్క కట్టి చూసినవాళ్ళు కాదు. అందరూ విస్తరి ముందు కూర్చునే అరిచారు. వాళ్ళని కూర్చోబెట్టింది నేను.

ఇంకో వారం తిరిగాక, సోమవారం పొద్దున ఫోను తీస్తే పంచాంగం లేదు. తెల్లటి పేజీ, దాని మీద ఒక్క ముక్క ఉంది. "ఇక నా వల్ల కాదు. మాఫ్ చేయండి." ఈసారి తెలుగులోనే రాశాడు.

"తప్పని ఒప్పుకున్నాడు చూడు" అన్నాను మనవరాలితో ఫోనులో. అది, "ఆఫీసులో పనుందవ్వా" అని పెట్టేసింది.

మర్నాడు మంగళవారం. తెల్లవారకముందే లేచి పరమాన్నం వండాను. ఇత్తడి గిన్నెలో పోసి మెట్టు మీద పెట్టాను. మైనాలు వచ్చాయి, తిన్నాయి. మధ్యాహ్నం గిన్నె తెచ్చి చింతపండు పెట్టి తోముతున్నాను. టీవీలో ఇండియా చానలు ఉంది, నేను ఆ వేళకి రోజూ పెట్టుకునేదే. ఎక్కడో గుళ్ళో పొద్దుటి హారతి. అప్పటికప్పుడు చూపిస్తున్నారు. గోపురం వెనక ఆకాశం అప్పుడే ఎర్రబడుతోంది. అక్కడ తెల్లవారుతోంది.

నేను మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే అక్కడ తెల్లవారుతోంది. కొన్నేళ్ళుగా రోజూ చూస్తున్నాను. ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. ఏ ఊరి సూర్యోదయం అని అతను అడిగింది ఇదే.

తడి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పొద్దు పొడిచేసరికి ఏ తిథి ఉంటే ఆ రోజు అదే. కేలండరు చెప్పేది వాళ్ళకి తెల్లవారేసరికి ఉన్న తదియ. నేను మెట్టు మీద గిన్నె పెట్టేసరికి ఇక్కడ ఇంకా విదియే. వాళ్ళకి తెల్లవారి తదియ అనేసరికి నా గిన్నె ఖాళీ. అంటే నా బిడ్డ రాకముందే అన్నం పెట్టి, అది వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించేశాను.

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లో.

అప్పుడు తెలిసింది నాకు ఒళ్ళెందుకు మండిందో. ఫోనులో బుధవారం అని చూసినప్పుడే లోపల ఎక్కడో తెలిసింది. అది నిజమైతే నా ఏళ్ళన్నీ ఏం కావాలి? అందుకే అతన్ని అబద్ధం చేశాను.

మరునాడు బుధవారం. తెల్లవారకముందే మెలకువ వచ్చింది. పాలున్నాయి, బెల్లం ఉంది. లేచి వండితే సరిపోయేది. వండలేదు. రెండోసారి వండితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది అనుకున్నాను. ఇంట్లో నేను తప్ప ఇంకో ప్రాణి లేదు, ఎవరి ముందు ఒప్పుకోవడం? అయినా వండలేదు. మంచం మీద కూర్చుని, మెట్టు మీద మైనాలు వచ్చి, అటూ ఇటూ తిరిగి, ఏమీ లేక ఎగిరిపోవడం కిటికీలోంచి చూశాను. మిగతా ఏళ్ళు తెలియక చేశాను. ఆ ఏడాది తెలిసి చేశాను.

మా పక్కింటావిడ ఈ దేశపు మనిషే, ఫిజియన్. మా ఇద్దరికీ నలభై ఏళ్ళ స్నేహం. మాట్లాడేది హిందీలోనే. ఒకసారి మా ఆవు వాళ్ళ కర్రపెండలం తోటంతా తినేసింది. మా ఆయన యంగోనా వేళ్ళ కట్ట తీసుకుని వాళ్ళ ఇంటికి పోయి, చాప మీద పెట్టి, తల దించుకుని కూర్చున్నాడు. యంగోనా అంటే ఇక్కడివాళ్ళు దంచి నీళ్ళలో పిసికి తాగే వేరు. తగువు తీరాలన్నా, పెద్దలని ఏదైనా అడగాలన్నా ముందు అది పెట్టాలి. ఆ సంగతి గుర్తు చేసుకుని, జరిగింది ఆవిడకి చెప్పాను.

"ఫోనులో సారీ రాసెయ్యి" అంటుందేమో అనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. "తిట్టు ఫోనులో పోయింది. అది తేలిక కాబట్టి పోయింది. మాఫీ నడిచి పోవాలి. మాట ముందు పంపకు, వేరు ముందు పంపు" అంది.

మనవరాలు అప్పటికే నాకు చెప్పకుండా అతనికి రాసిందట, మా అవ్వ తరఫున నేను మాఫీ అడుగుతున్నాను అని. అతను కోపం లేదని రాసి, మాటల్లో అవతలి దీవిలో సావుసావు అనే రేవు ఊళ్ళో ఉంటానని చెప్పాడట. సువాకి బస్సు, సువా నుంచి ఓడ. నేను పుట్టి బుద్ధెరిగాక ఎక్కిన ఓడ అదొక్కటే. యంగోనా కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, కింద పెడితే తడుస్తుందని.

"అవ్వా, అతను మనల్ని లోపలికి రమ్మనకపోతే?" అంది మనవరాలు.

"గుమ్మంలో పెట్టి వస్తాం."

అతను ఏ ఆఫీసులోనో ఉండే కుర్రాడని నా ఊహ. సావుసావు రేవు పక్కన, పడవల ఇంజన్లు బాగుచేసే చిన్న రేకుల కొట్టు ముందు ఆగాం. అరవై దాటిన మనిషి బయటికొచ్చాడు. మోచేతుల దాకా గ్రీజు. మనవరాల్ని చూశాడు, నన్ను చూశాడు, నా చేతిలో కట్ట చూశాడు. ఏమీ అడక్కుండానే లోపలికి పోయి చేతులు తోముకుని, ఒక చాప తెచ్చి పరిచాడు.

నేను కట్ట చాప మీద పెట్టాను. మోకాళ్ళు సహకరించక పోయినా కిందే కూర్చున్నాను. "నాకు ఊరికే పెట్టిన నీ చేతిని నేను కొరికాను నాయనా. లెక్క నీది సరైంది. తప్పు నాది. నేను చెప్పిందానికే మిగతావాళ్ళు కూడా నోరు చేసుకున్నారు. వాళ్ళ తప్పు కూడా నాదే" అన్నాను తెలుగులోనే. మనవరాలు హిందీలో చెప్పబోయింది.

"నాకు తెలిసింది" అన్నాడు అతను. తెలుగే, కానీ ఆగి ఆగి వచ్చే తెలుగు. "మా అమ్మతో అంతే మాట్లాడుకునేవాళ్ళం. ఆమెకి హిందీ తక్కువ."

అక్కడివాళ్ళ పద్ధతిలోనే కట్ట ముట్టుకుని, అరచేతులు గిన్నెలా చేసి మూడుసార్లు చప్పుడు చేశాడు. తీసుకున్నట్టు.

తర్వాత, మన పిన్నిలాగా నన్ను మౌసీ అంటూ, హిందీలో మెల్లగా చెప్పుకొచ్చాడు. వాళ్ళది డ్రెకేటిలో వరి పొలం. తల్లి నెలనెలా ఏకాదశి ఎప్పుడో కనుక్కోవడానికి పొలాలకి అడ్డం పడి ఇంకో ఇంటికి నడిచిపోయేది. చివరికి కాళ్ళు పోయాయి. అప్పుడు ఈయన, ఇంజన్లు తప్ప ఏమీ తెలియనివాడు, తన కొడుకు వదిలేసిన పాత కంప్యూటరు మీద కూర్చుని నేర్చుకుని, ఆమె కోసం పంచాంగం చేశాడు. తెలుగు అక్షరాలు తనకి రావు. ఆమే మంచం మీద నుంచి, ఒక్కో అక్షరం గాల్లో రాసి చూపించి నేర్పింది. ఆమె కోసం చేసింది మిగతా ముసలివాళ్ళకీ పనికొస్తుందని అందరికీ వదిలాడు.

"మీరు రాసిన వాటిలో మిగతావి నాకు తగల్లేదు మౌసీ. లెక్క రాదన్నారు, సరే. తెలుగు రాదన్నారు, నిజమే. ఇంట్లో తల్లి లేదా అన్నారు." గోళ్ళ సందున మిగిలిన గ్రీజు గీక్కున్నాడు. "అంతకు ముందటి ఏడాదే పోయింది. ఆ పేజీ తెరిచినప్పుడల్లా నాకు ఆ మాటే కనబడేది. చెయ్యి ఆడలేదు."

కొట్లో పడవ ఇంజను ఒకటి విప్పి ఉంది. నేను దాని వంకే చూస్తూ కూర్చున్నాను. ఏడవలేదు. నా ఏడుపుకి అతను మళ్ళీ ఓదార్పు చెప్పాల్సి వస్తుంది. ఆ పని కూడా అతనిచేతే ఊరికే చేయించుకోవాలా?

"మళ్ళీ తెరుస్తావా అని అడగడానికి రాలేదు" అన్నాను.

"మంచిది మౌసీ. తెరవలేను. మాఫ్ చేశాను, అది నిజం. కానీ చెయ్యి అటు పోదు." అని మనవరాలి వైపు తిరిగి, "లోపలిదంతా ఇంకా అక్కడే ఉంది బేటీ. కావలసినవాళ్ళు తీసుకోవచ్చు" అన్నాడు.

"చూశాను అంకుల్. ఆ లెక్కలు నాకు అర్థం కాలేదు" అంది అది, తల దించుకుని.

అతను నన్ను చూసి అడిగాడు. "ఇంతకీ ఏ తిథి కోసం మౌసీ? అప్పుడు చెప్పలేదు."

అదే ప్రశ్న. ఈసారి చెప్పాను. ఏ ఏడు, ఏ ఊరు, ఏ వాగు, ఏ వేళ. పెన్సిలు సంగతి కూడా చెప్పాను. అది ఎందుకు చెప్పానో నాకే తెలియదు. పాత కంప్యూటరు తెచ్చి కింద పెట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చాలాసేపు ఏవో కొట్టాడు.

"ఆ పొద్దున నవాకాలో తదియే. మీ పెద్దాయన సరిగ్గానే చెప్పాడు. వచ్చే ఏడాది..." తేదీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "పోయిన ఏళ్ళు కూడా చూడనా?" అన్నాడు.

బియ్యంలో రాయి కూడా ఏరి పారేయకుండా గట్టు మీద పెట్టే మనిషిని నేను. ప్రతిదానికీ లెక్క కావాలి నాకు. "వద్దు" అన్నాను.

గుమ్మం దాకా పోయి, చెప్పులేసుకుని, ఆగిపోయాను. "మొదటి ఏడాది ఒక్కటి చూడు. అది పోయిన మరుసటి ఏడు."

ఇండియా కేలండరులో ఆ ఏడాది ఏ వారం పడిందో నాకు గుర్తుంది, చెప్పాను. అతను మళ్ళీ కూర్చున్నాడు. కంప్యూటరు తెర నాకు కనబడకుండా అటు తిరిగి ఉంది. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత తల ఎత్తి, "ఆ ఏడు సరిగ్గానే పెట్టారు మౌసీ" అన్నాడు.

తెర ఇటు తిప్పమని నేను అడగలేదు. అతను తిప్పలేదు.

మేం మెట్లు దిగుతుంటే పిలిచి, ఒక కాగితం ఇచ్చాడు. వచ్చే పదేళ్ళకి మాఘ బహుళ తదియ నవాకాలో ఏ రోజో, ఏడాదికొక వరస, చేత్తో రాసింది. తెలుగు అక్షరాలు. పెద్దగా, ఎడంగా, మంచం మీద నుంచి గాల్లో రాసి చూపించినవి ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి.

"పదేళ్ళు నేనెక్కడుంటాను నాయనా" అన్నాను.

"ఉండండి" అన్నాడు అంతే.

ఈ మాఘంలో గోడ మీది కేలండరు తిప్పి పెట్టాను. కాగితంలో ఉన్న రోజున తెల్లవారకముందు లేచి వండాను. గిన్నె మెట్టు మీద పెట్టి పక్కనే కూర్చున్నాను. మైనాలు తిని పోయాయి. మధ్యాహ్నమైంది, టీవీ పెట్టలేదు. గిన్నె తీయలేదు. పొద్దు గుంకింది, తీయలేదు. మర్నాటికి పాలు ఎండి మరక పట్టింది. చింతపండు పెట్టినా పూర్తిగా వదల్లేదు. ఉండనిచ్చాను.

మండలిలో జరిగిందంతా నిలబడి చెప్పాను, అప్పుడు నిలబడి అరిచిన చోటే. కొంతమంది నమ్మారు. కొంతమంది, ఇండియాలో అచ్చు వేసింది తప్పెలా అవుతుందని ఇప్పటికీ ఆ కేలండరే చూస్తున్నారు. చూపు ఆనని ఆ ముసలాయన మాత్రం మొన్న నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. ఉల్లిపాయలు తరగడానికి అతనికి కళ్ళు లేవు. వెల్లుల్లి పాయ ఒకటి తీసుకుని వేళ్ళతో తడిమి తడిమి రెబ్బలు విడదీశాడు. పాయంతా అయ్యాక మెల్లగా అడిగాడు.

"చెల్లెమ్మా, నీ దగ్గర ఆయన రాసిచ్చిన కాగితం ఉందంట గదా. ఈ నెల ఏకాదశి ఎప్పుడో కాస్త చూసి చెబుతావా?"

కాగితం నా రవికలోనే ఉంది. నాలుగు మడతలు పెట్టి. అందులో ఏడాదికి ఒక్క రోజే ఉంది, అది నా కూతురిది.

"అందులో లేదన్నయ్యా" అన్నాను.

అతను ఇంకో పాయ తీసుకున్నాడు.